ఒకరి జవాబు ఇంకొకరికి వెళ్ళిన రోజులు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

మన పిల్లల్లో బీటెక్, ఎంసీఏ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వస్తున్నవాళ్ళు ఈ మధ్య పెరిగారు. "సర్వర్ ప్రోగ్రామింగ్ అంటే ఏంటన్నా, ఎసింక్ అంటే ఏంటన్నా, ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి" అని నాకు మెసేజ్‌లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే నేను చేసిన ఒక తప్పు గురించి మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. ఇంటర్వ్యూలో చెప్పుకునే సంగతి కాదు ఇది. కానీ నాకు ఎసింక్ నిజంగా అర్థమైంది దీనితోనే.

నాది పాడేరు వైపు. ఆశ్రమ పాఠశాలలో చదివి, తర్వాత గురుకులం, ఆ తర్వాత విశాఖలో బీటెక్. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. పేరు అనవసరం. మా పని పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్. కేంద్రంలో ఒక చిన్న బాక్సు ఉంటుంది, లోపల సిమ్ కార్డు. రైతు పాలు పోయగానే లీటర్లు, ఫ్యాటు ఆ బాక్సు మా సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ డబ్బు లెక్క కట్టి తిరిగి పంపితే స్లిప్పు ప్రింటవుతుంది. పదిహేను రోజులకోసారి ఆ స్లిప్పుల ప్రకారమే పాల బిల్లు. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, మళ్ళీ సాయంత్రం. మిగతా రోజంతా ఖాళీ.

ఎసింక్ అంటే ఏంటో ముందు చెప్తా. మన వారపు సంతలో పకోడీ బండి చూసే ఉంటారు. ఒక్కడే మనిషి, ఒకటే పొయ్యి, చుట్టూ ఇరవై మంది. ఒకడు అడిగింది మూకుడులో వేసి, అది వేగేదాకా వాడి మొహం చూస్తూ నిలబడడు కదా. ఈలోపు రెండోవాడికి టీ పోస్తాడు, మూడోవాడి దగ్గర డబ్బు తీసుకుంటాడు, నాలుగోవాడికి చిల్లర ఇస్తాడు, ఎవరిది వేగితే వాళ్ళది తీసి ఇస్తాడు. ఇదే ఈవెంట్ లూప్. ఒక్క మనిషి ఎంతమందినైనా చూస్తాడు, ఎందుకంటే ఎక్కువ సేపు గడిచేది పనిలో కాదు, ఎదురుచూడడంలో. సర్వర్‌కి కూడా అంతే. క్లయింట్ పంపే బైట్ల కోసం, డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడడమే ఎక్కువ.

పాత పద్ధతి, క్లయింట్‌కో థ్రెడ్. అంటే ఒక్కో గిరాకీకి ఒక్కో పకోడీ మనిషిని పెట్టడం. కొద్దిమందికైతే బాగానే ఉంటుంది. ఒకే మెషీన్ మీద పది వేల మంది క్లయింట్లను ఎలా మోయాలి అన్న ప్రశ్న మీద 1999లో డాన్ కెగెల్ ఒక పేజీ రాశాడు, సీ10కే ప్రాబ్లమ్ అంటారు. అప్పట్లో వాడే సెలెక్ట్ అనే సిస్టమ్ కాల్‌తో మామూలుగా 1024 కనెక్షన్లు దాటి చూడలేం, పైగా ప్రతిసారీ అన్నింటినీ వరసగా తడిమి చూసుకోవాలి. తర్వాత లినక్స్ 2.6లో ఈపోల్ వచ్చింది. ఎవరి దగ్గర కదలిక ఉందో వాళ్ళ జాబితా మాత్రమే ఇస్తుంది. 2004లో బయటికొచ్చిన ఎంజిన్‌ఎక్స్, 2009లో వచ్చిన నోడ్ జేఎస్, పైథాన్‌లో 2014 నుంచి ఉన్న ఎసింక్‌ఐఓ, లినక్స్ మీద ఇవన్నీ ఆ పునాది మీదే నడుస్తాయి. మా కేంద్రాలు ఆరు వందల దాకా ఉండేవి. ఆరు వందల థ్రెడ్లంటే నిజానికి మెషీన్ మోసేస్తుంది. కానీ మా లీడ్‌కి ఎసింక్ అంటే మోజు, నాకు కొత్తది నేర్చుకున్నానని చెప్పుకోవాలని ఆశ. పైథాన్ ఎసింక్‌ఐఓలో రాశాం. రాశాం అంటే, చాలా భాగం నేనే రాశాను.

మొదటి తప్పు మొదటి వారంలోనే బయటపడింది. సాకెట్ నుంచి ఒకసారి చదివితే ఒక మెసేజ్ వస్తుందనుకున్నాను. టీసీపీలో మెసేజ్ అన్న మాటే లేదు. అది గొట్టంలో నీళ్ళలాంటిది. అవతలివాడు ఒక చెంబు పోస్తే మనకు రెండు గ్లాసులుగా రావచ్చు, వాడు రెండు చెంబులు పోస్తే మనకు ఒకేసారి రావచ్చు. ఒక బాక్సు ఫ్యాటు 6.2 అని పంపింది. నా సర్వర్‌కి ముందు 6 దాకా వచ్చింది, మిగతాది తర్వాత వచ్చింది. నేను 6కి లెక్క కట్టి పంపేశాను. ఆఫీసులో ఇది ఎప్పుడూ జరగలేదు. నా ల్యాప్‌టాప్ నుంచి నా ల్యాప్‌టాప్‌కే పంపుకుంటే అన్నీ ముక్కలు కాకుండానే వస్తాయి. ప్రతి మెసేజ్ చివర కొత్త లైను గుర్తు పెట్టి, అది వచ్చేదాకా బఫర్‌లో పోగుచేసి, అప్పుడే లెక్క కట్టేలా మార్చాను. దీన్ని అందరూ ఒకసారి చేస్తారని లీడ్ నవ్వేశాడు.

రెండోదానికి ఎవరూ నవ్వలేదు.

మా వెనక ఇంకో ప్రోగ్రామ్ ఉండేది, రేటు లెక్క కట్టేది. మేము చేరకముందు ఎవరో రాసిన పాతది. దానికి ఒక లైను పంపితే ఒక లైను జవాబిస్తుంది, అడిగిన వరసలోనే. జవాబులో డబ్బు ఒక్కటే ఉంటుంది, ఎవరి ప్రశ్నకు జవాబో ఏ గుర్తూ ఉండదు. దాంతో మాట్లాడడానికి నేను ఎనిమిది కనెక్షన్లు తెరిచి ఒక పూల్‌లో పెట్టాను. బాక్సు నుంచి రిక్వెస్ట్ రాగానే పూల్ నుంచి ఒక కనెక్షన్ తీసుకో, ప్రశ్న పంపు, జవాబు చదువు, కనెక్షన్ పూల్‌లో పెట్టెయ్, బాక్సుకి రిప్లై ఇవ్వు. ఇంతే. వింటే ఇందులో తప్పేమీ కనబడదు.

సిగ్నల్ పోయిన బాక్సు సర్వర్‌కి చెప్పి పోదు. ఫోన్ పెట్టేసినట్టు కాదు అది, లైను కట్ అయినట్టు. కాసేపటికి సిగ్నల్ వచ్చాక కొత్త కనెక్షన్‌తో వచ్చి మళ్ళీ అడుగుతుంది. అందుకని నేను తెలివిగా ఒకటి రాశాను. అదే కేంద్రం నుంచి కొత్త కనెక్షన్ వస్తే పాతది చచ్చినట్టే, దాని కోసం నడుస్తున్న పనిని క్యాన్సిల్ చేసెయ్. లేని మనిషి కోసం పకోడీ ఎందుకు వేయించాలి అని. నాలుగు లైన్లు. క్యాన్సిల్ అయితే పూల్ కనెక్షన్ సంగతేంటి అని ఆ రోజే నాకు ఒక చిన్న అనుమానం వచ్చింది. ఎలాగైనా కనెక్షన్ పూల్‌కి తిరిగి వెళ్ళేలా రాశాను కదా, చాల్లే అనుకున్నా. లీడ్‌ని అడగొచ్చు. అడగలేదు. హాస్టల్‌లో పదేళ్ళు చదివినవాళ్ళకు ఎందుకడగలేదో వేరే చెప్పక్కర్లేదు. అడిగితే "ఇది కూడా తెలీదా" అంటారు. మన విషయంలో ఆ మాట వెనక ఇంకో మాట కూడా ఉంటుంది, పైకి అనకపోయినా.

మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత కంప్లైంట్లు మొదలయ్యాయి. ఏడున్నర లీటర్లు పోస్తే స్లిప్పులో 92 రూపాయలు వచ్చింది. ఇంకోచోట రెండు లీటర్లకు మూడు వందల పైచిలుకు, అది మాత్రం ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు, మేమే తర్వాత చూశాం. ఒక్కో రోజు ఒక్కో కేంద్రంలో, రోజుకు రెండో మూడో. అదే లీటర్లు, అదే ఫ్యాటు మేము మళ్ళీ పంపి చూస్తే లెక్క సరిగ్గా వచ్చేది. వారం రోజులు వెతికాం. చివరికి మేనేజర్ ఒకటి గమనించాడు. ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఒక ఊరి కేంద్రం పనిచేసిన రోజుల్లోనే తప్పులు వస్తున్నాయి. రెండు రోజులు ఆ కేంద్రాన్ని ఆపించి చూశారు. ఒక్క తప్పు లేదు. మళ్ళీ ఆన్ చేశారు, మళ్ళీ తప్పులు.

"ఆ బాక్సు చెత్త పంపుతోంది. ఎలాగూ అక్కడ సిగ్నల్ లేదు. తీసేద్దాం" అన్నారు. అక్కడ పాలు పోసేది ముప్పై ఇళ్ళవాళ్ళు. కేంద్రం తీసేస్తే ఆరు కిలోమీటర్లు కిందికి క్యాన్లు మోసుకెళ్ళాలి. మీ ఊరి దారే కదా అని నన్నే వెళ్ళి బాక్సు విప్పి తెమ్మన్నారు.

రాత్రి ట్రైన్‌లో అనకాపల్లి దిగి, స్టేషన్‌లో సిగ్నల్ ఉండగానే వారం రోజుల లాగ్ ఫైలు ల్యాప్‌టాప్‌లోకి దించుకున్నాను. ఆ సాయంత్రానికి ఊరు చేరి, పొద్దున ఐదింటికే కేంద్రం దగ్గరికి వెళ్ళాను. నడిపేది ఒక అక్క. బాక్సుని గదిలో పెట్టలేదు. గుమ్మం బయట వెదురు కర్రకు, మనిషి ఎత్తుకు పైన, ప్లాస్టిక్ కవర్ చుట్టి తాడుతో కట్టింది. "లోన ఎడితే అందదు బాబూ. ఇక్కడైతే రెండు గీతలు" అంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఊళ్ళో ఫోన్ మాట్లాడాలంటే చింతచెట్టు దగ్గరికి ఎక్కాలి. "ఇనబడతందా" అని నాలుగుసార్లు అడిగాకే అమ్మ అసలు సంగతి మొదలుపెడుతుంది.

గంటన్నర పక్కన కూర్చుని చూశాను. ఆ బాక్సు తప్పు స్లిప్పు ఒక్కటీ ఇవ్వలేదు. స్లిప్పు ఇస్తే సరిగ్గా ఇస్తోంది, లేకపోతే అసలు ఇవ్వడం లేదు. లైను పోతోంది, కాసేపటికి వస్తోంది, మళ్ళీ అడుగుతోంది, స్లిప్పు వస్తోంది. రైతులు ఆ ఆలస్యానికి అలవాటుపడి బీడీ కాల్చుకుంటూ కూర్చున్నారు. మరి ఇక్కడి బాక్సు ఎక్కడో ముప్పై కిలోమీటర్ల అవతల స్లిప్పులో తప్పు డబ్బు ఎలా వేయిస్తుంది? దీనికి అవతలి కేంద్రంతో సంబంధమే లేదు. ఇద్దరికీ మధ్యలో ఉన్నది ఒక్కటే. నా సర్వర్.

కడుపులో తిప్పినట్టయింది. ల్యాప్‌టాప్ తెరిచి, లాగ్‌లో పూల్ కనెక్షన్ నంబర్ల ప్రకారం విడదీశాను. తప్పు స్లిప్పు వచ్చిన ఒక పొద్దున మూడో నంబర్ కనెక్షన్ మీద నడిచినవన్నీ అక్క దగ్గరున్న నోటుబుక్కులో వరసగా రాశాను. ఎడమవైపు అడిగిన లీటర్లు, ఫ్యాటు. కుడివైపు వచ్చిన డబ్బు. ఆఫీసులో మేమెప్పుడూ ఇలా పెట్టి చూడలేదు. ఒక్కో కేంద్రం లాగ్ విడిగా చూశాం. రేటు చార్టు మా దగ్గర లేదు, ప్రోగ్రామ్ చెప్పిందే నమ్మాం. అక్కకు గోడ మీద చార్టు ఉంది, అది కూడా చూడకుండానే చెప్పేస్తుంది. వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఇదేటి బాబూ, ఈ డబ్బు పై లైను పాలది కదా?"

ఆ కిందది దాని పైదానిది. ఆ కిందది కూడా అంతే. ఒక్క మెట్టు జారి మొత్తం వరస అలాగే దిగింది.

ఎక్కడ జారిందో చూస్తే, ఈ కేంద్రం ప్రశ్న దగ్గరే. జరిగింది ఇదీ. ఇక్కడి బాక్సు అడిగింది. సర్వర్ మూడో కనెక్షన్ తీసుకుని రేటు ప్రోగ్రామ్‌కి ప్రశ్న పంపింది. పొద్దున రద్దీలో దానికి సెకనో రెండు సెకన్లో పడుతుంది. సరిగ్గా ఆ మధ్యలో, అప్పటికే లైను పోయి ఉన్న బాక్సు కొత్త కనెక్షన్‌తో వచ్చింది. నా నాలుగు లైన్లు పాత పనిని క్యాన్సిల్ చేశాయి. ప్రశ్న అప్పటికే వెళ్ళిపోయింది, జవాబు ఇంకా చదవలేదు. నా కోడ్ కనెక్షన్‌ని భద్రంగా పూల్‌లో పెట్టేసింది. ఆ తర్వాత జవాబు వచ్చి అందులో కూర్చుంది. అదే కనెక్షన్‌ని వేరే ఊరి రిక్వెస్ట్ తీసుకుంది, తన ప్రశ్న పంపింది, చదవబోతే ముందే ఒక జవాబు సిద్ధంగా ఉంది. తనదే అనుకుని తీసుకెళ్ళిపోయింది. దాని అసలు జవాబు తర్వాతివాడికి. అలా ఆ కనెక్షన్ మూసుకునేదాకా.

పకోడీ బండి దగ్గర జీపు వచ్చిందని ఒకడు వెళ్ళిపోతాడు. వాడిది మూకుడులోనే ఉంది. బండివాడు వరస ప్రకారం ఇస్తాడు కాబట్టి వాడి పొట్లం వెనకవాడి చేతికి, వెనకవాడిది ఆ వెనకవాడికి. ఇందులో జీపెక్కినవాడి తప్పేముంది?

బాక్సు విప్పలేదు. కొండ కొంచెం ఎక్కి లీడ్‌కి ఫోన్ చేశాను. "అన్నా, బాక్సు తప్పు కాదు. నా కోడ్ తప్పు" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నా. "ష్యూరేనా?" అన్నాడు. నోటుబుక్కు ఫోటో పంపితే పది నిమిషాలకు వెళ్ళింది. "సరే, ముందు ఆ క్యాన్సిల్ తీసేద్దాం. వచ్చెయ్, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

బాగుచేయడం కష్టం కాదు. ప్రశ్న పంపాక జవాబు చదవకుండా పని ఆగిపోతే, క్యాన్సిల్ వల్లైనా టైమౌట్ వల్లైనా, ఆ కనెక్షన్‌ని మళ్ళీ పూల్‌లో పెట్టకూడదు. మూసేసి కొత్తది తెరవాలి. ఎంగిలి గ్లాసు కడగకుండా ఇంకొకరికి ఇవ్వం కదా. ఇది ఆ రోజే చేశాం. తర్వాత రేటు ప్రోగ్రామ్‌ని కూడా మార్పించాం. ప్రతి ప్రశ్నకు ఒక నంబర్, జవాబులో అదే నంబర్ తిరిగి రావాలి. రాకపోతే ఆ జవాబు పారెయ్యాలి. పెద్దవాళ్ళు కట్టినవి చూస్తే అన్నింట్లో ఇదే ఉంది. డీఎన్‌ఎస్ ప్రశ్నలో 16 బిట్ల నంబర్ ఉంటుంది, జవాబు అదే నంబర్‌తో వస్తుంది. హెచ్‌టీటీపీ 1.1లో నంబర్ లేదు కాబట్టి ఒకే కనెక్షన్ మీద జవాబులు అడిగిన వరసలోనే రావాలి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2లో ప్రతి ముక్క మీదా స్ట్రీమ్ నంబర్ పెట్టారు, అందుకే ఏ జవాబు ముందు తయారైతే అది ముందు వెళ్ళగలదు.

ఇంకోటి, రిప్లై దారిలో పోతే బాక్సు మళ్ళీ అడుగుతుంది. అప్పుడు అదే పాలను రెండోసారి లెక్కలో వేసుకోకూడదు. కేంద్రం నంబర్, స్లిప్పు నంబర్ కలిపి గుర్తుపెట్టుకుని, అదే ప్రశ్న మళ్ళీ వస్తే కొత్తగా లెక్క కట్టకుండా మొదట ఇచ్చిన జవాబే ఇస్తాం. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా.

లీటర్లు, ఫ్యాటు సరిగ్గానే రికార్డయ్యాయి కాబట్టి డబ్బు మళ్ళీ లెక్క కట్టగలిగాం. తప్పు స్లిప్పులు నలభై ఒకటి తేలాయి. తక్కువ వచ్చినవాళ్ళకు తర్వాతి బిల్లులో కలిపారు, ఎక్కువ వచ్చినవాళ్ళ దగ్గర వసూలు చెయ్యలేదు. ఆ ఏడాది నాకు ఇంక్రిమెంట్ నామమాత్రంగా వేశారు. నేను భయపడిన మాట ఎవరూ నా మొహం మీద అనలేదు. కారిడార్‌లో ఒకడు అన్నాడని విన్నాను. అన్నాడో లేదో తెలీదు, కానీ చాలా రోజులు బాధపడ్డాను.

ఇదంతా 2022లో. మరుసటి ఏడాది మార్చి 20న చాట్‌జీపీటీని కాసేపు ఆపేశారు. కొందరికి వేరేవాళ్ళ చాట్ టైటిళ్ళు కనబడ్డాయి. తర్వాత ఆ కంపెనీ కారణం రాసింది, చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. పైథాన్, ఎసింక్‌ఐఓ, రెడిస్‌తో మాట్లాడే లైబ్రరీలో ఉన్న కనెక్షన్ల పూల్. ప్రశ్న పంపాక, జవాబు తీసుకునేలోపు రిక్వెస్ట్ క్యాన్సిల్ అయితే, మిగిలిన జవాబు తర్వాత వచ్చిన వేరే మనిషికి వెళ్ళింది. తొమ్మిది గంటల వ్యవధిలో వాడిన ప్లస్ చందాదారుల్లో 1.2 శాతం మంది పేమెంట్ వివరాలు కొన్ని బయటపడి ఉండొచ్చని వాళ్ళే చెప్పారు. అంత పెద్దవాళ్ళు, అంతమంది వాడే లైబ్రరీ, అదే తప్పు. సంతోషించానని కాదు గానీ ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

నేర్చుకునేవాళ్ళకు ఒక పని చెప్తా. చిన్న ఎకో సర్వర్ రాయండి. అది సులువు. తర్వాత దాన్ని ఏడిపించండి. సగం లైను పంపి పది సెకన్లు ఆగండి. ప్రశ్న పంపి జవాబు రాకముందే కనెక్షన్ కోసేయండి. జవాబు చదవకుండా ఊరికే కూర్చోండి, సర్వర్ బఫర్ ఎంత పెరుగుతుందో చూడండి. లినక్స్‌లో టీసీ కమాండుతో, నెట్‌ఎమ్ అని ఉంటుంది, నెట్‌వర్క్‌ని కావాలని నెమ్మది చెయ్యొచ్చు, వందకు పది ప్యాకెట్లు పడేసేలా చెయ్యొచ్చు. నేను దానికి ఒక స్క్రిప్టు రాసి 'ఊరు' అని పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు మా టీమ్‌లో ఏ కొత్త కోడ్ అయినా "ఊరిలో నడిచిందా?" అని అడుగుతారు. హైదరాబాద్ పిల్లలు కూడా అదే మాట అంటారు, ఏ ఊరో వాళ్ళకు తెలీదు.

ఆ కేంద్రం ఇంకా ఉంది. బాక్సు ఇంకా వెదురు కర్ర మీదే ఉంది. ఈ పోస్టు రాయడానికి కూర్చునే ముందు ఇవాళ పొద్దుటి లాగ్ తెరిచి చూశాను. 6.42కి ఒక స్లిప్పు నంబర్ మీద మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఒకటే జవాబు వెళ్ళింది.